గ్లాసు పిన్ని మొగుడి ఫొటో

అచ్చమ్మ ఏడుపు మధ్యలో ఆగిపోయింది.

ఆగక ఏం చేస్తుంది మరి. ఏ మేనల్లుడు పోయాడని అవనిగడ్డలో బస్సెక్కిన దగ్గర్నించి బందరులో దిగేదాకా కొంగు తడుపుకుంటూ వచ్చిందో, అక్కణ్ణించి పెడన దాకా ఆటోలో ఎవరికీ మొహం చూపించకుండా కూర్చుందో, ఆ మేనల్లుడు భీమేశ్వరరావు లుంగీ ఎగగట్టుకుని, మోచేతుల నించి అద్దకం గుడ్డకి పట్టించే కరక్కాయ నీళ్ళు కారుతుంటే, నడవలోంచి అరుగు మీదికి నడిచొచ్చాడు.

"ఎవరూ, నువ్వా అత్తా? ఇలా చెప్పాపెట్టకుండా వచ్చావేంటి?" అన్నాడు.

అచ్చమ్మ లేచి అతని దగ్గరికొచ్చింది. చెంప తడిమింది. మెడ మీద చెయ్యి వేసి చూసింది. వెచ్చగానే ఉంది. తరవాత అదే చేత్తో ఆ చెంప మీదే ఒక్కటి వేసింది. మనవల్ని ఎత్తుకునే వయసొచ్చిన మనిషి, కింద పనివాళ్ళున్న మనిషి, చిన్నపిల్లాడిలా చెంప పట్టుకుని నిలబడిపోయాడు.

అతన్ని ఇంకేమీ అనలేదామె. గుమ్మంలో ఉన్న అతని భార్య సరోజిని వైపు తిరిగింది.

"బతికున్న మొగుడికి దండేయించావే తల్లీ" అంది.

గట్టిగా కూడా అనలేదు. అందుకే అది సరోజినికి ఇంకా లోపలికి దిగింది. గురువారం సాయంత్రం నించి ఈ మాట ఎవరో ఒకరు అంటారని కాచుకునే ఉంది. అన్న మనిషి మాత్రం, అత్తవారి వైపు పెద్దతలకాయల్లో మిగిలిన ఒక్కగానొక్క మనిషి.

అవనిగడ్డలో ఏం జరిగిందో అచ్చమ్మే చెప్పుకొచ్చింది. గురువారం సాయంత్రం వీధిలో ఆడవాళ్ళంతా ఆమె ఇంట్లోనే చేరారట, మన కోడలి సీరియల్ వస్తోందని. గోడ మీద భీమయ్య ఫొటో, దానికి ఇంత లావు బంతిపూల దండ, ముందు దీపం. పక్కనే సరోజిని బొట్టు లేకుండా కూర్చుని ఉంది. చూసిన వాళ్ళు చూసినట్టే లేచి, ఒక్క మాట మాట్లాడకుండా ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు.

"అది నాటకం కదండీ అత్తయ్యగారూ. అందరం వేషం వేసేవాళ్ళమే కదా" అంది సరోజిని.

"మనుషులు వేషం వేస్తారు. ఆ మాత్రం నాకు తెలుసు. ఫొటో వేషం వేస్తుందా?"



ఫోన్ చేసి కనుక్కోవచ్చు కదా మామ్మా, అని లోపల్నించి వచ్చిన జ్యోతిర్మయి నెమ్మదిగా అంది. భీమేశ్వరరావు దంపతులకి ఒక్కతే కూతురు, గుడివాడలో కాపురం. అచ్చమ్మ ఆ పిల్ల వైపు అదోలా చూసింది. చావు కబురు వింటే ఫోన్ తీసి నిజమేనా అని అడిగే వంశం కాదు వాళ్ళది. కట్టుకున్న చీరతోనే బయల్దేరి వెళ్ళి పలకరించాలి. శుక్రవారం చావు పలకరింపుకి వెళ్ళకూడదని ఒక రోజు ఆగినందుకే ఆమె దారి పొడుగునా బాధపడింది.

జ్యోతిర్మయి మంచినీళ్ళు తెచ్చింది. అచ్చమ్మ పుచ్చుకోలేదు. లోపలికి రమ్మంటే కదల్లేదు.

"పలకరింపుకని బయల్దేరాను. పలకరింపుకెళ్ళిన ఇంట్లో నీళ్ళు ముట్టుకుంటారా?"

"నేను బతికే ఉన్నాను కదత్తా" అన్నాడు భీమేశ్వరరావు.

"నువ్వు బతికున్నావు, బాగానే ఉంది. మరి నేను బయల్దేరిన బయల్దేరడం ఏం కావాలి? మళ్ళీ ఇంటికెళ్ళి తల మీద నీళ్ళు పోసుకునేదాకా నాకిది అలాంటి ఇల్లే."

అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఆ దండ తీసినట్టు తన కళ్ళతో తాను చూసేదాకా ఆ గడప తొక్కనంది. సరోజిని ఆ సీరియల్ మానేస్తానని ఇప్పుడే, ఇక్కడే చెప్పాలంది.

మానేయడం సరోజిని చేతిలో ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు.

బందరులో ఏదో షూటింగ్‌కి ఊళ్ళో ఆడమనిషి కావాలంటే నిలబడి, ఇంట్లో మాట్లాడినట్టే ఒక్క ముక్క మాట్లాడి వచ్చింది సరోజిని. ఆ ముక్కే 'మూడిళ్ళ వాకిలి' అనే నవ్వుల సీరియల్లో గ్లాసు పిన్ని అయింది. చేతిలో స్టీలు గ్లాసుతో ఎవరో ఒకరి గుమ్మంలో ప్రత్యక్షమవుతుంది. కాఫీపొడుందా అంటుంది, చింతపండుందా అంటుంది. ఇచ్చేలోపు ఆ ఇంటి గుట్టంతా తెలుసుకుని, అడిగింది మర్చిపోయి, ఖాళీ గ్లాసుతోనే పక్కింటికి పోతుంది. అంతే వేషం. ఆ కాసేపటి కోసం జనం కూరలు మాడబెట్టుకున్నారు. బందరు రైతుబజారుకి వెళ్తే గ్లాసేదీ అని అడగని మనిషి లేడు.

అంత పేరొచ్చేసరికి ఛానల్ వాళ్ళు ఊరుకుంటారా. వినాయక చవితికి 'గ్లాసు పిన్ని గారిల్లు' అని ఆవిడ పేరుతోనే వేరే సీరియల్ మొదలుపెట్టారు. సొంత ఇల్లు, సోఫాలు, ఇద్దరు కోడళ్ళు. అక్కడే తేడా వచ్చింది. ఇన్నాళ్ళూ ఊళ్ళో వాళ్ళ గుమ్మాల్లో నిలబడ్డ మనిషి తన ఇంట్లో తాను కూర్చుంటే, ఆ గ్లాసు ఎవరి దగ్గరికి పట్టుకెళ్ళాలి? సరోజిని ఆ మాటే అడిగింది. ఊరికే చేతిలో పట్టుకోండి ఆంటీ, అదే మీ గుర్తు, అన్నాడు డైరెక్టరు. పట్టుకుంది. ఇదివరకు ఆవిడ గుమ్మంలోకి వస్తేనే లైట్లు పట్టుకునే వాళ్ళు నోటికి చెయ్యడ్డం పెట్టుకునే వాళ్ళు. ఈ కొత్త సెట్లో ఎవరూ నవ్వలేదు. ఆవిడకీ నవ్వు రాలేదు.

నవ్వు రాకపోతే పోనీ ఏడుపైనా వస్తుందని కాబోలు, గ్లాసు పిన్ని మొగుణ్ణి చంపేశారు. అంతదాకా ఆయన ఓడ మీద ఉద్యోగంలో ఉన్నాడు, ఇంట్లో ఫొటోగానే ఉంటాడు. గురువారం ఆ ఓడ మునిగింది. ఫొటోకి దండ వేసిన సీను సరోజిని లేనప్పుడు వేరే తీశారు. ఆవిడ పక్కన కూర్చున్న ముక్క ముందే తీసి, రెండూ అతికారు. బొట్టు తీయమన్నప్పుడు, జ్వరంతో పడుకున్న సీను అని చెప్పారామెకి.

గురువారం సాయంత్రం భార్యాభర్తలిద్దరూ అన్నం కంచాలతో టీవీ ముందు కూర్చున్నారు. దండ కనపడగానే భీమేశ్వరరావు కంచం పక్కన పెట్టాడు. చెయ్యి కడుక్కుని, అద్దకం షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఆమెతో మాట్లాడలేదు. పెడితే తింటున్నాడు. పిలిస్తే వస్తున్నాడు. మాట లేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అరిచాడు, అలిగాడు, ఓసారి రంగు చెడిందని కుండ కూడా పగలగొట్టాడు. ఇలా నోరు కట్టేసుకోవడం మాత్రం ఎరగదామె. ఆ మౌనంతో సోమవారం షూటింగ్‌కి హైదరాబాదు బస్సెక్కడం ఎలాగో తెలియక, సర్దిన సంచీని తలుపు వెనకే పెట్టింది.

దానికి తోడు గుడివాడ కబురొకటి. వీళ్ళ దుప్పట్లు అమ్మే సాయిబాబు, భీమేశ్వరరావు గారంటే ప్రాణం పెట్టే మనిషి, శుక్రవారం పొద్దున కొట్టు షట్టరు సగం దించేశాడట. జ్యోతిర్మయి ఇంటికి వచ్చి, అలాంటి అద్దకం మనిషి మళ్ళీ పుట్టడని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తరవాత, దసరా సరుకు మరి ఎవరికి చెప్పమంటావమ్మా అని కూడా అడిగాడు. ఆ పిల్ల వచ్చి ఉన్నదున్నట్టు తండ్రికి చెప్పింది. తండ్రి మొదటి మాటకి నవ్వాడు. రెండో మాటకి నవ్వలేదు.

ఇప్పుడు అరుగు మీద అచ్చమ్మ అడిగిందీ ఆ ఫొటో సంగతే. ఆ టీవీ వాళ్ళకి లోకంలో ఇంకో ఫొటో దొరకలేదా? నీ మొగుడే కావలసి వచ్చాడా?

"దొరికింది అత్తయ్యగారూ. వాళ్ళే ఒకటి తెచ్చారు" అంది సరోజిని.

భీమేశ్వరరావు తల తిప్పాడు. ఇది అతను ఎరగడు. వాళ్ళడిగారు, ఇచ్చాను, అని మాత్రమే చెప్పిందతనికి అప్పట్లో.

"ఎవరో కోటు వేసుకున్నాయన. ఎవరో ఏమో నాకు తెలీదు. గోడకి పెట్టి, దాని వంక చూస్తూ 'ఏవండీ, తొందరగా వచ్చేయండీ' అనమన్నారు. నాకు నోరు రాలేదు. గ్లాసు పట్టుకుని ఎన్ని వేషాలైనా వేస్తాను గాని, పరాయి మగాణ్ణి పట్టుకుని ఏవండీ అని ఎలా అంటాను? మా ఆయన ఫొటో తెస్తాను, అదైతే అంటానని చెప్పాను. అప్పటికి ఆయన ఓడ మీద క్షేమంగానే ఉన్నాడు. దండ వేస్తారని నాకేం తెలుసు?"

అచ్చమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

లోపలికి వెళ్ళబోయిన భీమేశ్వరరావు వెళ్ళకుండా అక్కడే గోడకి ఆనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే చినుకులు పడ్డాయి.

కరక్కాయ పట్టించిన గుడ్డ పెరటి దండేల మీద బారలకి బారలు ఆరుతోంది. అచ్చు వేయకముందు దాని మీద చినుకు పడిందంటే మచ్చే, ఆ గుడ్డ ఇక దేనికీ పనికిరాదు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. భీమేశ్వరరావు ఉరికాడు, వెనక సరోజిని, జ్యోతిర్మయి. తూర్పు దండెం నించి ఎవరో చకచకా మడతలు లాగేస్తున్నారు. పనివాళ్ళెవరో అనుకుంది సరోజిని. తిరిగి చూస్తే అచ్చమ్మ.

అద్దకం ఇంట పుట్టిన మనిషి. చినుకు చప్పుడు వింటే కాళ్ళు ఆగుతాయా. అరుగు దిగి, గడప దాటి, నడవలోంచి, వంటింటి పక్కనించి పెరట్లోకి వచ్చేసింది. చంకలో ఇంత గుడ్డ బొత్తితో షెడ్డులోకి చేరాక గాని ఆమెకి తెలివి రాలేదు.

"గడప తొక్కేశానే" అంది.

జ్యోతిర్మయికి నవ్వాగలేదు. సరోజిని నవ్వకూడదని పెదవి కొరుక్కుంది. అచ్చమ్మ బొత్తి కింద పెట్టి, తొక్కితే తొక్కాను గాని నీళ్ళు మాత్రం తాగనని, అక్కడే అచ్చులబల్ల మీద కూర్చుంది.

ఫోన్ మోగింది. సరోజిని చేతులు తడిగా ఉన్నాయని జ్యోతిర్మయి ఎత్తి, అందరికీ వినపడేలా పెట్టింది. సీరియల్ మేనేజరు మాధురి, హైదరాబాదు నించి.

ఆ పిల్ల చాలాసేపు ఊళ్ళో వానల గురించి అడిగింది. ఆంటీ మీరు కూర్చునే ఉన్నారా అంది. ఏడవనని మాటివ్వమంది. ఆఖరికి చెప్పింది. ఛానల్ వాళ్ళు సీరియల్ ఆపేస్తున్నారు. జనం చూడటం లేదు. సోమవారం చివరి ముక్క తీసేస్తారు, మంగళవారం ఆ సెట్టు విప్పేస్తారు.



పేరు పెట్టి తీసిన సీరియల్. బందరు బస్టాండులో ఆమె బొమ్మతో గోడనిండా పోస్టర్లు అంటించారు. దసరా దాకా కూడా నిలవలేదు. ఏడుపు రావాలి కదా అనుకుంది. రాలేదు. కాలవలో జాడించిన దుప్పటి, నీళ్ళోడుతూ భుజాన్ని కిందికి లాగేసే దుప్పటి, ఎవరో వెనకనించి వచ్చి అందుకున్నట్టయింది. మెల్లిగా షెడ్డు మెట్టు మీద కూర్చుంది.

"ఆంటీ, ఏడుస్తున్నారా?"

"లేదమ్మా. గ్లాసు కింద పెట్టాను" అంది సరోజిని.

మాధురి కూడా ఊపిరి పీల్చుకుంది. పాత సీరియల్లోకి ఎప్పటిలా వచ్చేయమంది. అదే వాకిలి, అవే గుమ్మాలు, అదే కాసేపు. గ్లాసు పిన్ని రావడం లేదని అక్కడ వాళ్ళు గోల పెడుతున్నారట. సరోజిని మొహం ఎలా వెలిగిందంటే, అచ్చమ్మ కూడా చూసి కళ్ళు దించుకుంది.

"మరి మా ఆయన?" అంది సరోజిని. "అక్కడ నేను మొగుడు పోయినదాన్నా, ఉన్నదాన్నా?"

"అయ్యో, ఆ సీరియల్ ఎవరూ చూడలేదాంటీ. అందులో జరిగింది జరగనట్టే లెక్క. ఏమీ అనకుండా వదిలేద్దామన్నారు."

"మా వీధంతా చూసింది" అంది బల్ల మీంచి అచ్చమ్మ.

"గుడివాడలో షట్టరు దించారు" అంది జ్యోతిర్మయి.

వాళ్ళెవరని మాధురి అడిగింది. సరోజిని ఫోను తన చేతిలోకి తీసుకుంది. ఆ గొంతు ఎప్పుడూ సెట్లో వినలేదు మాధురి.

"చూడమ్మా. దండ ఎవరి కళ్ళముందు వేశారో వాళ్ళ కళ్ళముందే తీయాలి. సోమవారం చివరి ముక్క అన్నావు కదా, అందులో ఆయన తిరిగి రావాలి. ఓడ మునిగితే మునిగింది. ఆయనకి ఈత వచ్చు. ఆయన రాకపోతే నేనూ రాను, మీరేం రాసుకున్నా సరే."

డైరెక్టరుని కనుక్కుని చెప్తానని ఆ పిల్ల పెట్టేసింది.

షెడ్డు రేకుల మీద వాన చప్పుడొక్కటే మిగిలింది. అచ్చమ్మ పక్కనున్న కొయ్య అచ్చు ఒకటి తీసి, దాని గీతల్లో ఆరిపోయిన రంగుని గోటితో గీకుతూ కూర్చుంది. కాసేపటికి, ఎవరినీ చూడకుండా, ఆ కోటాయన ఎలా ఉన్నాడే అని అడిగింది. మీసాలు లేవండీ అంది సరోజిని. అచ్చమ్మ మూతి తిప్పింది. మంచి పని చేశావులే, అని మాత్రం గొణిగింది.

భీమేశ్వరరావు విన్నాడు.

మాధురి మళ్ళీ చేసింది. డైరెక్టరు ఎగిరి గంతేశాడట. ఎలా ముగించాలో తెలియక నిన్నటి నించి తల పట్టుకున్నాడట. మొగుడు తిరిగొస్తాడు, దండ ఆయనే తీసేస్తాడు, శుభం. కాని ఒక చిక్కుందాంటీ, అంది. ఫొటోని దగ్గర్నించి చూపించేశాం. ఇప్పుడు ఇంకెవరినో తెచ్చి నిలబెడితే కుదరదు.

"ఆ మొహమే రావాలి. సోమవారం మీతోపాటు అంకుల్‌ని తీసుకురండి."

భీమేశ్వరరావు ఫొటో దిగమంటేనే చెమటలు పట్టే మనిషి. గుడివాడలో ఎగ్జిబిషన్ బహుమతి ఇచ్చిన రోజు నలుగురు పట్టుకుని నిలబెడితే దిగిన ఫొటో అది. వస్తారా అని సరోజిని అడగలేదు. అడిగితే మాట్లాడాలి. మాట్లాడడేమోనని భయం.

వాన వెలిసింది. అచ్చమ్మ చీకటి పడకముందే అవనిగడ్డ చేరాలంది. ఉండమంటే ఉండనంది. జ్యోతిర్మయి ఆటో పిలుచుకొచ్చింది. అచ్చమ్మ చెప్పులేసుకుని అరుగు దిగింది. ముగ్గురూ వాకిట్లోకి వచ్చారు.

పలకరింపుకి వచ్చిన వాళ్ళు వెళ్ళేటప్పుడు మాట చెప్పరు. అలాంటి ఇంటికి మళ్ళీ రావాలని ఎవరూ కోరుకోరు కాబట్టి, వెనక్కి చూడకుండా లేచి వెళ్ళిపోవడమే. అచ్చమ్మ అలాగే నడిచింది. బురదలో చూసుకుంటూ అడుగులు వేసింది. ఆటో ఎక్కింది. చెంగు సర్దుకుంది. డ్రైవరు బండి స్టార్టు చేశాడు. భీమేశ్వరరావు చెయ్యి గేటు మీద బిగుసుకుంది.

ఆటో కదలబోతుంటే అచ్చమ్మ డ్రైవరు భుజం మీద తట్టి ఆపింది. తల బయటికి పెట్టింది.

"ఒరే భీమయ్యా" అంది. "వెళ్ళొస్తానురా."

భీమేశ్వరరావు తలూపాడు. కళ్ళు నిండాయి. సరోజిని అక్కడే వాకిట్లో, ఎవరు చూస్తే ఏమనుకుంటారని కూడా చూడకుండా, దణ్ణం పెట్టింది. ఆటో మలుపు తిరిగిపోయింది.

జ్యోతిర్మయి లోపలికి వెళ్ళింది. ఇద్దరే మిగిలారు. గేటు గొళ్ళెం వేసి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని, భీమేశ్వరరావు గురువారం తరవాత మొదటిసారి భార్య మొహంలోకి చూశాడు.

"సరోజా" అన్నాడు.



వస్తానని అనలేదు. రాననీ అనలేదు.

"అంత సముద్రం ఈది వచ్చి, నువ్వు తలుపు తీశాక, నేను మొట్టమొదట నీతో ఏమనాలి?"

సరోజిని నోరు తెరిచింది. ఆ మాట ఇంకా ఎవరూ రాయలేదు.